ఆన్సరు తప్పు, స్టెప్పులకు మార్కులు: నెల్లూరులో ఒక ఫారిన్ టీచర్ కన్సల్టెన్సీ మీద నా రివ్యూ

నలభై వేలు కట్టాను. వాళ్ళు చూపిస్తామన్న ఉద్యోగం చూపించలేదు. అయినా ఐదుకు రెండున్నర స్టార్లు ఇస్తున్నాను. ఆ రెండున్నరా ఎవరికిస్తున్నానో చెప్పడానికే ఇంత పొడుగు రాస్తున్నా. చదివే ఓపిక లేనివాళ్ళు ఇక్కడే ఆగండి. డబ్బు కట్టే ముందు లైసెన్సు నంబరు అడగండి, అది చాలు.

కన్సల్టెన్సీ పేరు రాయను. నాకు మేలు చేసిన మనిషి ఇంకా అక్కడే జీతానికి ఉంది. పేరు రాస్తే ఓనరు ముందు ఆ అమ్మాయి మీద పడతాడు.

నేను లెక్కల టీచర్ని. నెల్లూరులో పదకొండేళ్ళు చెప్పాను. పొద్దున ఏడున్నరకి స్టడీ అవర్‌తో మొదలై సాయంత్రం ఆరున్నరకి మళ్ళీ స్టడీ అవర్‌తోనే అయిపోయేది. సెక్షనుకి యాభై ఐదు, అరవై మంది. ఎండాకాలం సెలవులు పిల్లలకే, మాకు అడ్మిషన్ల టార్గెట్. మే నెల ఎండలో వేదాయపాళెం, బాలాజీనగర్ వీధుల్లో పాంప్లెట్లు పట్టుకుని తలుపులు కొట్టేవాళ్ళం. జీతం 34 వేలు. దాంతోనే ఎట్లాగో నెట్టుకొచ్చేవాళ్ళం గానీ, 2022లో మా ఆయన ముగ్గురితో కలిసి ఇందుకూరుపేట వైపు లీజుకు తీసుకున్న రొయ్యల గుంటలకు వైట్‌స్పాట్ జబ్బు తగిలింది. రొయ్యల సంగతి తెలిసినవాళ్ళకు ఇంతకు మించి చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ళకు చెప్పినా నమ్మరు, అంత తొందరగా పోతుంది డబ్బు.

2023లో రొట్టెల పండక్కి మా అత్తమ్మ నన్ను బారాషహీద్ దర్గాకి తీసుకెళ్ళింది. అక్కడ ఒక్కో కోరికకు ఒక్కో రొట్టె, తీరినవాళ్ళు ఇస్తారు, కోరుకునేవాళ్ళు తీసుకుంటారు. స్వర్ణాల చెరువులో మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి, ఉద్యోగం రొట్టె ఎవరి దగ్గరుందా అని నేను చూస్తుంటే, ఆమె అప్పటికే ఎవరో గూడూరు ఆమె చేతిలోంచి విదేశం రొట్టె తీసుకుని నా చేతిలో పెట్టేసింది. "ఉద్యోగం ఉండాది గదా నీకు, జీతమే లేదు," అంది. ఆ మరుసటి వారం కన్సల్టెన్సీ మెట్లెక్కాను. దర్గా దగ్గర నన్ను ఎవరూ రూపాయి అడగలేదు.

ఆఫీసంటే మేడ మీద రెండు గదులు. మొదటి గదిలో ప్రపంచ పటం, దాని మీద ఎర్ర స్టిక్కర్లు. "మేడమ్, ఎర్ర స్టిక్కరున్న చోటల్లా మన టీచర్లే," అన్నాడు ఓనరు సార్. స్టిక్కరొకటి సముద్రంలో కూడా ఉంది. మాల్దీవులేమో అని సర్దిచెప్పుకున్నాను. ఐబీ స్కూళ్ళతో టైఅప్ ఉందన్నాడు. ఇంటికొచ్చి చెబితే మామయ్య ఐబీ అంటే ఇంటెలిజెన్స్ బ్యూరో అనుకుని, స్కూల్లో వాళ్ళకేం పని అని అడిగాడు. నాకూ అంతకంటే పెద్దగా తెలియదు అప్పటికి. ఐబీ 1968లో జెనీవాలో మొదలైన బోర్డు అని, ఐజీసీఎస్‌ఈ అనేది కేంబ్రిడ్జ్ వాళ్ళు 1988 నుంచి నడుపుతున్న వేరే పరీక్ష అని, టీచర్ని తీసుకునేటప్పుడు ఇందులో నువ్వు ఏది చెప్పగలవన్నదే మొదట చూస్తారని ఆ ఆఫీసులో సార్ నోటి నుంచి ఒక్కసారీ రాలేదు. ఇంటర్నేషనల్ అనే మాట ఒక్కటే వాడేవాడు. మా వీధి చివర ఎల్‌కేజీ బడి బోర్డు మీద కూడా ఆ మాటే ఉంది.

రిజిస్ట్రేషన్‌కి 15 వేలు. డాక్యుమెంటేషన్ ప్యాకేజీ 25 వేలు. రసీదు ఇచ్చారు, అందులో 'కెరీర్ గైడెన్స్' అని ఉంది. ఆ రెండు మాటల అర్థం నాకు ఏడాది తర్వాత తెలిసింది. విదేశాల్లో ఉద్యోగానికి మనుషుల్ని పంపాలంటే 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. అట్లాంటి ఏజెంటు మన దగ్గర తీసుకోగలిగింది మహా అయితే 30 వేలు, పైన 18 శాతం జీఎస్టీ. మొత్తం 35,400. ఏజెంటుకు రిజిస్ట్రేషన్ ఉందో లేదో కేంద్రం నడిపే ఈమైగ్రేట్ సైట్లో ఎవరైనా వెతుక్కోవచ్చు. వీళ్ళు అందులో లేరు. అడిగితే, "మేం రిక్రూటర్లం కాదు మేడమ్, గైడెన్సే," అంటారు. గోడ మీద మాత్రం 'విదేశీ ఉద్యోగాలకు సంప్రదించండి' అని జానెడు అక్షరాలు.

ముందు నా బయోడేటా తయారుచేశారు. ఫొటో దిగడానికి మంచి వెంకటగిరి చీర కట్టుకుని వెళ్ళాను. రెండు రోజుల తర్వాత చూస్తే కంప్యూటర్లో నాకు నల్లకోటు తొడిగేశారు. మెడ దగ్గర చీర అంచు కొంచెం మిగిలిపోయింది, కోటు లోపల్నుంచి జరీ తొంగిచూస్తోంది. కింద తండ్రి పేరు, మతం, పెళ్ళయిందా లేదా, చివర్లో 'పై వివరాలన్నీ నిజమని ప్రమాణం చేస్తున్నాను' అని సంతకం. మధ్యలో ఎక్కడో 'నూటికి నూరు శాతం ఫలితాలు' అని ఒక లైను. నేను ఏ క్లాసుకి ఏం చెప్పాను, ఎట్లా చెప్పాను, ఆ పేజీల్లో ఎక్కడా లేదు. నేను తర్వాత సొంతంగా రాసుకున్న దాంట్లో ఫొటో లేదు, నాన్న పేరు లేదు. ఏ సిలబస్, ఏ వయసు పిల్లలు, వారానికి ఎన్ని పీరియడ్లు, చదువు వెనకబడిన పిల్లలతో ఏం చేశాను, అంతే. దానికే పిలుపులొచ్చాయి.

నాలుగు నెలల్లో సార్ పంపినవి మూడు 'ఓపెనింగ్స్'. ఒకటి గల్ఫులో నర్సరీ టీచరు. నేను పదో తరగతి లెక్కలు చెబుతాను మొర్రో అంటే, చిన్నపిల్లలైతే ఇంకా ఈజీ కదా మేడమ్ అన్నాడు. రెండోది అప్పటికే నిండిపోయింది. మూడోదాని దగ్గరే నేను మునిగిపోవలసింది. నిజంగానే ఆఫర్ లెటర్ వచ్చింది. జీతం చూసి మా ఆయన ఆ రాత్రి మూలాపేట నుంచి మలై కాజా తెచ్చాడు. వీసా ఫీజు 900 డాలర్లు ముందు నేను కడితే చేరాక తిరిగిస్తారట. బంగారం తాకట్టు పెట్టడానికి సంచీలో పెట్టుకుని, దారిలోనే కదా అని ఆఫీసుకు వెళ్ళాను.

ఆ రోజు సార్ లేడు. బయటి గదిలో డాక్యుమెంట్లు చూసే అమ్మాయి ఒక్కతే ఉంది. పాతికేళ్ళు ఉంటాయి, కావలి నుంచి రోజూ రైల్లో వచ్చిపోతుంది. లెటర్ చదివి తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది. "మేడమ్, ఈ మెయిల్ ఐడీ చూశారా? స్కూలుకి సొంత వెబ్‌సైట్ ఉండి, ప్రిన్సిపల్ మామూలు జీమెయిల్‌లో రాస్తాడా? ఇంటర్వ్యూ లేకుండా ఆఫరిస్తాడా? వీసా డబ్బులు మీ దగ్గర అడిగేవాడు స్కూలు కాదు." స్కూలు వెబ్‌సైట్లో ఉన్న నంబరుకు అక్కడే కూర్చుని ఫోన్ చేయించింది. ఆ పేరుతో ప్రిన్సిపల్ ఎవరూ లేరు అక్కడ.

బంగారం అట్లాగే ఇంటికి తెచ్చాను.

ఈ రివ్యూలో అసలు విషయం ఇక్కడి నుంచే. ఆ అమ్మాయి ఆ రోజే నా ఫైలు తీసి టేబులు మీద సర్టిఫికెట్లన్నీ పేకముక్కల్లా పరిచింది. పదో తరగతిలో నా పేరు ముందు ఇంటిపేరుకు పొడి అక్షరం. డిగ్రీలో ఇంటిపేరు పూర్తిగా, కానీ పేరు చివర. బీఎడ్ నాటికి పెళ్ళయింది కాబట్టి మా ఆయన ఇంటిపేరు. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీ, మొత్తం పేరంతా ఒకే గడిలో. ఆధార్‌లో పేరు మధ్యలో ఒక 'హెచ్' ఎక్కువ. "మేడమ్, మనకు తెలుసు ఇది మీరేనని. అక్కడ కౌంటర్లో కూర్చున్నవాడికి ఇక్కడ ఐదుగురు ఆడవాళ్ళు ఉన్నారు," అంది.

నాకు నవ్వొచ్చింది, తర్వాత కడుపులో తిప్పింది. పదకొండేళ్ళు పిల్లల హాల్‌టికెట్లలో స్పెల్లింగులు దిద్దిన మనిషిని నేను.

పదో తరగతి సర్టిఫికెట్‌నే ఆధారంగా పెట్టుకుని మిగతావన్నీ దాని వైపుకు లాగాలంది. పాస్‌పోర్టు రీఇష్యూకి వేయించింది, ఫీజు 1,500. ఆ ఐదు పేర్లూ ఒకే మనిషివని స్టాంపు పేపరు మీద అఫిడవిట్ రాయించి నోటరీ చేయించింది. తర్వాత డిగ్రీలు. నేను డిగ్రీ చదివేనాటికి మా కాలేజీ శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీ కింద ఉండేది. విక్రమ సింహపురి యూనివర్సిటీ వచ్చింది 2008లో, నా బీఎడ్ దాని కింద. కాబట్టి ఒకదాని పరిశీలనకు తిరుపతి, ఇంకోదానికి కాకుటూరు. తిరుపతికి రెండుసార్లు పోయాను. కొండ ఎక్కకుండా తిరిగొచ్చానని మా అమ్మ ఇప్పటికీ సాధిస్తుంది.

ఆ పైన రాష్ట్రం ముద్ర, ఆ పైన విదేశాంగ శాఖ ముద్ర. ఇక్కడ ఒక సంగతి. ఒక దేశం కాగితాల మీద వేసిన ముద్రను మిగతా దేశాలు ఒప్పుకునే అపోస్టిల్ ఒప్పందంలో 2005 నుంచి మన దేశం ఉంది. అదే ఒప్పందంలో ఉన్న ఒమన్, బహ్రెయిన్ లాంటి దేశాలకు ఆ ఒక్క స్టిక్కరుతో పని అయిపోతుంది. ఒప్పందంలో లేని దేశానికి వెళ్ళాలంటే విదేశాంగ శాఖ ముద్ర మీద మళ్ళీ ఆ దేశపు ఎంబసీ ముద్ర కావాలి. నేను వెళ్ళినప్పుడు వియత్నాంకు అట్లాగే కావలసి వచ్చింది. విదేశాంగ శాఖ మన చేతి నుంచి నేరుగా తీసుకోదు, వాళ్ళు నియమించిన ఏజెన్సీల ద్వారానే వెళ్ళాలి. దాని కొరియర్లు, ట్రాకింగు అంతా ఆ అమ్మాయే చూసింది. పోలీస్ క్లియరెన్సు మాత్రం చివరిదాకా చేయించొద్దంది. దానికి ఆరు నెలలే ఆయుష్షు, ముందే తీసుకుంటే ఆఫరొచ్చేసరికి చచ్చిపోతుందని. 500 రూపాయల కాగితమే గానీ మళ్ళీ తిరగాలి కదా.

బీఎడ్ ఒరిజినల్ నా దగ్గర లేదు. నేను పనిచేసే స్కూలు వాళ్ళు చేరేటప్పుడే తీసి బీరువాలో పెట్టుకున్నారు. ఇట్లా చేసే బడులు ఎన్నో మన టీచర్లందరికీ తెలుసు. మధ్యలో మానేయకుండా తాకట్టన్నమాట. అడిగితే "ఏడాది చివర్లో చూద్దాం మేడమ్" అని మూడుసార్లు తిప్పారు. నేను అరుద్దామనుకున్నా. ఆ అమ్మాయి అరవొద్దని, రిజిస్టర్డ్ పోస్టులో అక్‌నాలెడ్జ్‌మెంట్‌తో ఒక ఉత్తరం పంపించింది. ఉత్తరంలో తిట్టు ఒక్కటి లేదు. నా సర్టిఫికెట్ ఏ తేదీన ఎవరికిచ్చానో, యూనివర్సిటీ పరిశీలనకు ఏ తేదీలోగా కావాలో, అంతే. తొమ్మిదో రోజు ప్యూన్ తెచ్చి స్టాఫ్‌రూములో నా టేబులు మీద పెట్టి వెళ్ళాడు. ఎవరూ ఏమీ మాట్లాడలేదు.

ఇంత చేసిన అమ్మాయి జీతం 11 వేలు. అడిగి తెలుసుకున్నాను, తెలుసుకోకుండా ఉండాల్సింది.

ఉద్యోగం నేనే వెతుక్కున్నా. దాని గురించి తొందరగా చెప్పేస్తా. ఆగస్టులో మొదలయ్యే స్కూళ్ళు ముందటేడు నవంబరు నుంచే మనుషుల్ని చూసుకుంటాయి. మార్చికి పెద్ద భాగం అయిపోతుంది. ఏప్రిల్, మేలో మిగిలినవి, ఎవరో మానేస్తే ఖాళీ అయినవి. మన వాళ్ళు ఇక్కడ పరీక్షలయ్యాక మేలో తీరిగ్గా మొదలుపెడతారు. స్కూళ్ళ సొంత సైట్లలో, టెస్ లాంటి టీచర్ల సైట్లలో రాత్రి పదింటి నుంచి కూర్చుని 63 చోట్లకు పెట్టాను. కొన్ని ప్రకటనల్లో ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్ళే కావాలని ఉంటుంది. మొదట్లో మనసు చివుక్కుమనేది, తర్వాత వాటిని దాటేయడం అలవాటైంది. నాలుగు ఇంటర్వ్యూలు, ఒక ఆఫరు. హోచిమిన్ సిటీలో కేంబ్రిడ్జ్ సిలబస్ స్కూలు. కాగితాలన్నీ అప్పటికే చేతిలో ఉన్నాయి కాబట్టి మార్చిలో ఆఫరొస్తే జూలైకల్లా వర్క్ పర్మిట్ పని అయిపోయింది. నాతో పాటు ఎంపికైన ఇంకో ఊరాయన ఆఫరొచ్చాక మొదలుపెట్టి, అక్టోబరులో చేరాడు.

ఇంటర్వ్యూలో ఒక ప్రశ్న నన్ను ఇప్పటికీ వదల్లేదు. డెమోలో వర్గ సమీకరణం చకచకా చేసి, మన షార్ట్‌కట్ ఒకటి చూపించి, ఆన్సరు కింద రెండు గీతలు గీశాను. ఆ హెడ్ అడిగాడు, "పిల్లవాడు దారి సరిగ్గా పట్టుకుని, మధ్యలో కూడికలో తప్పు చేసి, ఆన్సరు తప్పు రాస్తే ఎన్ని మార్కులిస్తావు?" మా స్కూల్లో వీక్లీ టెస్టు అంటే నాలుగు ఆప్షన్లు, ఒక గుండ్రం. దారి ఎవడిక్కావాలి. చేరాక చూశాను, కేంబ్రిడ్జ్ వాళ్ళ మార్కుల పట్టికలో 'M' మార్కు అంటే పద్ధతికి, 'A' మార్కు అంటే సరైన జవాబుకి. పద్ధతి కనబడితే జవాబు తప్పినా 'M' మార్కు దక్కుతుంది. మా నాన్న కాలంలో స్టెప్ మార్కులనేవాళ్ళు దాన్నే. ఎక్కడో వదిలేశాం.

2024 రొట్టెల పండక్కి చెరువులో దిగి ఈసారి నేనే విదేశం రొట్టె ఇచ్చాను. కందుకూరు నుంచి వచ్చిన ఒకాయన తీసుకున్నాడు, కొడుకు కోసమట. ఆగస్టు మొదటివారంలో పాపను అత్తమ్మ దగ్గర వదిలి చెన్నైలో విమానం ఎక్కాను. ఆ రోజు గురించి రాయను.

నెల జీతం 4 కోట్ల 80 లక్షలు అని ఫోన్లో చెబితే అత్తమ్మ కాసేపు మాట్లాడలేదు. వియత్నాం డాంగుల్లోనమ్మా అని చెప్పేదాకా. అప్పటి రేటుకు మన లెక్కలో లక్షా యాభై ఎనిమిది వేలు దాకా వచ్చేది. అందులో పన్ను పోతుంది, సామాజిక బీమాకు 8 శాతం, ఆరోగ్య బీమాకు ఒకటిన్నర శాతం పోతుంది. ఆ సామాజిక బీమా కింద దేశం వదిలి వచ్చేటప్పుడు ఒకేసారి డబ్బు తీసుకోవచ్చు. ఇవేవీ సార్ 'ప్రీ డిపార్చర్ ఓరియెంటేషన్'లో లేవు. అందులో ఉన్నది విమానంలో సీటు బెల్టు ఎట్లా పెట్టుకోవాలన్నదే.

సర్దుకోవడం గురించి ఏ ప్యాకేజీలోనూ ఉండదు, కాబట్టి అడిగేవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. మొదటి వారం రోడ్డు దాటలేకపోయాను. ట్రంకు రోడ్డు మీద ఆటోల మధ్య పెరిగిన మనిషిని, అయినా ఆ స్కూటర్ల వరద చూసి కాళ్ళు ఆడలేదు. ఒక ముసలావిడ నా మోచెయ్యి పట్టుకుని, ఆగకుండా, పరుగెత్తకుండా, ఒకే నడకలో దాటించింది. బళ్ళే మనల్ని తప్పించుకుని పోతాయి. మధ్యలో ఆగితేనే ప్రమాదం.

తిండికి నెల పట్టింది. వీధంతా చేపల సాస్ వాసన. నెల్లూరు చేపల పులుసు తిని పెరిగి చేపల వాసనకు ముక్కు మూసుకుంటావా అని నన్ను నేనే తిట్టుకునేదాన్ని. ఒక ఆదివారం తోటి టీచరు వాళ్ళింట్లో 'కాన్ చువా' పెట్టింది. చింతపండు, టమాటా, బెండకాయ, చేప ముక్కలు. మన పులుసే. కారం లేదు, మామిడికాయ బదులు అనాసపండు. నోట్లో పెట్టుకోగానే కళ్ళలో నీళ్ళొచ్చాయి, కారం లేకుండానే. ఆవిడ కంగారుపడి చేప ముల్లు గుచ్చుకుందా అని అడిగింది. దిగులుగా ఉన్న రోజు ఊరి నడిబొడ్డున ఉన్న మారియమ్మ గుడికి పోతాను. అక్కడ మనకంటే వియత్నాం వాళ్ళే ఎక్కువ, అగరొత్తులు గుప్పెళ్ళతో వెలిగిస్తారు.

క్లాసులో 22 మంది. మొదటి నెల ఖాళీగా ఉన్నట్టనిపించేది. తర్వాత అర్థమైంది, 22 మందిలో ఎవరికి ఏం రాదో నాకు తెలియకపోతే అది నా తప్పే అవుతుంది, అరవైలో దాక్కోవడానికి వీలుండదు. మార్కులు చెబితే సరిపోదు, ఒక్కొక్క పిల్లవాడి గురించి నాలుగు వాక్యాలు రాయాలి. 'బద్ధకస్తుడు' అని రాస్తే కోఆర్డినేటర్ వెనక్కి పంపింది. 'ఏం చేయగలడు, తర్వాత ఏం చేయాలి' అని రాయమంది. ఒప్పుకోవలసింది ఇంకోటి ఉంది. చేరిన రెండో రోజు పిల్లల రక్షణ మీద ట్రైనింగు. చేయి చేసుకోకూడదు, భయపెట్టకూడదు, ఒంటరిగా తలుపులు మూసి కూర్చోకూడదు అని చెబుతుంటే నేను నా చేతులు బల్ల కిందకి తీసుకున్నాను. నెల్లూరులో నా టేబులు మీద చెక్క స్కేలు ఉండేది, అది గీతలు గీయడానికి మాత్రమే కాదు. పోలీస్ క్లియరెన్సు కాగితం మీద అది ఎక్కదు.

ఒక విషయంలో మాత్రం మన చదువు అక్కరకొచ్చింది. కేంబ్రిడ్జ్ ఐజీసీఎస్‌ఈ లెక్కల్లో 2025 నుంచి ఒక పేపరు కాలిక్యులేటరు లేకుండా రాయాలి. స్టాఫ్ అంతా టెన్షన్ పడుతుంటే నేను ఎక్కాలు మొదలుపెట్టాను. పదిహేనో ఎక్కం పాటలా పాడుతుంటే పక్క క్లాసు పిల్లలు తొంగిచూశారు.

నవంబరు 20 అక్కడ టీచర్ల రోజు. ముందే ఎవరూ చెప్పలేదు. సాయంత్రానికి పదిహేడు పూలగుత్తులు, బైక్ టాక్సీ మీద ముందు సగం, వెనక సగం పెట్టుకుని ఇంటికి పోయాను. నెల్లూరులో నా చివరి సెప్టెంబరు 5న ఒక పెన్నిచ్చి, ఆ వెంటనే అడ్మిషన్ల మీటింగు పెట్టారు.

అక్కడివాళ్ళు పరిచయం కాగానే వయసు అడుగుతారు. తోటి ఇంగ్లండాయన దానికి నొచ్చుకునేవాడు. నాకు మూడో రోజుకే తెలిసిపోయింది, ఏమని పిలవాలో తేల్చుకోవడానికని. పెద్దదాన్నయితే 'చీ', అంటే అక్క. మా టీచింగ్ అసిస్టెంట్ నా వయసు విని వేళ్ళ మీద లెక్కేసుకుని 'చీ' అన్నప్పుడు కావలి అమ్మాయి గుర్తొచ్చింది. తనూ అంతే, పాస్‌పోర్టు రీఇష్యూ వచ్చిన రోజు దాకా మేడమ్, ఆ రోజు నుంచి అక్కా.

2025 జూలైలో సెలవులకు వచ్చినప్పుడు ఆఫీసుకు వెళ్ళాను. లెక్క కట్టుకునే వెళ్ళాను. చట్టం ప్రకారం పెట్టుకున్న ఏజెంటే 35,400 తీసుకోవాలి, మీరు 40 వేలు తీసుకున్నారు, పైగా ఉద్యోగం మీరు చూపించింది కాదు, కనీసం ఆ 4,600 ఇవ్వండి సార్ అన్నాను. అసలు రిజిస్ట్రేషనే లేనివాడు పైసా తీసుకోకూడదని తెలుసు. అయినా దొరికేది అడగాలి కదా. పావుగంట గైడెన్స్ గురించి చెప్పి, చివరికి ఫోన్‌పేలో 4,500 కొట్టాడు. వంద ఎక్కడ పోయిందో అడగలేదు. యూకే వాళ్ళ టీచర్ అర్హత క్యూటీఎస్ కూడా మేమే చేయిస్తాం మేడమ్, 30 వేలు అన్నాడు. 2023 ఫిబ్రవరి నుంచి మన దేశపు లెక్కలు, సైన్సు, భాషల టీచర్లు ఇంగ్లండ్ ప్రభుత్వ సైట్లో సొంతంగానే పెట్టుకోవచ్చు. నాది అప్పటికే నడుస్తోంది.

కాబట్టి మార్కులు ఇట్లా. ఉద్యోగం చూపించినందుకు సున్నా. ఆ దొంగ ఆఫరు నా దాకా రానిచ్చినందుకు ఒకటి కోత. బయోడేటాకు సున్నా. డాక్యుమెంట్లకు ఐదుకు ఐదు, ఇది ఆ అమ్మాయికి, ఆఫీసుకు కాదు. స్టార్లు వేరువేరుగా ఇచ్చే వీలుంటే వాళ్ళకు ఒకటి, తనకు ఐదు ఇచ్చేదాన్ని. లేదు కాబట్టి రెండున్నర. వెళ్ళాలనుకునేవాళ్ళు కాగితాల పని మాత్రం మాట్లాడుకోండి, రసీదులో ఏ పనికి ఎంతో విడివిడిగా రాయించుకోండి, ప్యాకేజీ అనే మాట వినగానే లేచి రండి.

మెట్లు దిగుతుంటే చూశాను, వీధి వైపు గోడకు కొత్త ఫ్లెక్సీ. 'మా ద్వారా వియత్నాంలో' అని పైన, కింద నా మొహం, ఆ నల్లకోటు, మెడ దగ్గర జరీతో సహా. మండిపోయి మళ్ళీ పైకెక్కాను. సార్ లేడు. అమ్మాయి తలెత్తి, "వద్దన్నా వేశాడక్కా," అంది. తీసేయమని చెప్పి వచ్చేశాను, ఇది రాసే నాటికి తీయలేదు. ఒక్కటి మాత్రం గమనించాను. ఫ్లెక్సీ మీద నా పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉంది, ఇంటిపేరు ముందు, పూర్తిగా, ఆ ఎక్కువైన హెచ్ లేకుండా. మా పెళ్ళి శుభలేఖలో కూడా అంత సరిగ్గా పడలేదు.